మీసం తీసేసిన మామగారు

స్టేషను తొమ్మిదో మెట్టు దాకా నీళ్ళొచ్చిన వరద ఏడు అది. నీళ్ళు తీసి నెలన్నర అయినా గోడల మీద బురద గీత ఇంకా పోలేదు. ఒక బుధవారం పొద్దున పదీ పదికి గడియారం పోలీసు స్టేషను మెట్లెక్కాడు.

గడియారం అంటే మనిషే. సొంతంగా కేసులు చూసే డిటెక్టివు. ఏ కేసైనా ముందు "ఎన్నింటికి?" అని అడుగుతాడు. జవాబు చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాతే మనిషి మొహం చూస్తాడు. అందుకని ఆ పేరు పడింది. ఒకప్పుడు ఈ స్టేషనులోనే పని చేశాడు. ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరూ అతనూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. గడియారం పదేళ్ళకే మానేశాడు, ఇన్‌స్పెక్టరు మానలేదు. ఇద్దరిలో ఎవరిది తెలివైన పనో ఇప్పటికీ తేలలేదు.

అతణ్ణి పిలిపించింది ఒక కోడలు. పుస్తకాలు కుట్టే బైండింగు షాపులో పని చేస్తుంది. మొగుడు ఓడ మీద ఉద్యోగస్తుడు, ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీదే. ఇంట్లో ఉండేది ఆమె, మామగారు, ఇద్దరే. నిన్న సాయంత్రం ఆ మామగారిని పోలీసులు పట్టుకొచ్చారు. కోడలికి తిండిలో విషం పెడుతున్నాడని కేసు. ఫిర్యాదు ఇచ్చింది ఆమె తోడబుట్టిన అన్న.

ఆ విషం మనం తినేదే. గోధుమ.

ఆ అమ్మాయికి సీలియాక్ అనే జబ్బు. గోధుమలోనూ, బార్లీలోనూ గ్లూటెన్ అని ఒకటుంటుంది. అది చిటికెడు లోపలికి పోయినా పేగు లోపలి పొర పుండుపడుతుంది. తిన్నది ఒంటబట్టదు. కడుపు ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, మనిషి చీపురుపుల్ల అవుతుంది. దానికి మందు లేదు. ముట్టకుండా ఉండటమే మందు.

రెండేళ్ళ కిందట ఆ సంగతి తేలిన రోజే మామగారు ఇంట్లో ఉన్న గోధుమపిండి డబ్బాను వీధి చివర ఇచ్చేసి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. పాత గిన్నెలు తీసేసి కొత్తవి కొన్నాడు. అంగట్లో ఏ పొట్లాం తీసినా కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు అచ్చు మొత్తం చదివేవాడు. దుకాణదారుడు విసుక్కునేవాడు. కోడలు కోలుకుంది. రక్తపరీక్ష కూడా బాగా వచ్చింది. అలాంటిది ఆరు నెలల నుంచి మళ్ళీ నొప్పి, మళ్ళీ ఉబ్బరం. మొన్న చేసిన పరీక్షలో ఏదో రూపంలో గోధుమ లోపలికి పోతూనే ఉందని తేలింది. వండేది ఒక్కడు. అన్న ఆ ఒక్కడి వైపే వేలు చూపించాడు. ఆ ఇల్లు కోడలి పేరున ఉంది, కారణం కూడా దొరికినట్టే.

నిందితుణ్ణి మెజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళే వ్యాను సాయంత్రం ఐదింటికి కదులుతుంది. అది కదిలిందంటే, అన్న వచ్చి చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోతాడు. కోడలు మెట్ల దగ్గరే ఆ మాట చెప్పి, వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు చుట్టచుట్టి గడియారం చేతిలో పెట్టింది.

"మా మామయ్యగారు పెట్టలేదండీ. ఎవరు పెట్టారో మీరు చెప్పండి."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. గడియారాన్ని చూడగానే మొహం వెలిగింది. ఈ కేసు నీకు తగ్గది కాదు, ముడి విప్పడానికి ఇందులో ముడే లేదు అన్నాడు. వేళ్ళు మడిచి చెప్పాడు. మామగారి రేకు పెట్టె అడుగున, గడ్డం గీసుకునే సామాను కింద, గోధుమ బిస్కెట్ల పొట్లాం దొరికింది. సగం ఖాళీ. ఆ పోయిన సగం పొడి చేసి తిండిలో కలిపి ఉంటాడు. ఇక రెండోది.

"పదిహేను రోజుల కిందట మీసం తీసేశాడు. నలభై ఏళ్ళ మీసం. పారిపోవాలనుకున్నవాడు తప్ప ఎవడు తీస్తాడు?"

"ఎన్నింటికి తీశాడు?" అన్నాడు గడియారం.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఇంకా అదే పాటా? రాసుకో. తప్పు నాదేనని వాడే ఒప్పుకున్నాడు. సంతకం కూడా పెట్టాడు."

గడియారం బెల్టు కాస్త వదులు చేసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు.

మామగారు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. సబ్బుతో అరగదీసినట్టున్న చేతులు. పైపెదవి మీద చర్మం మిగతా మొహం కంటే తెల్లగా, చంటిపిల్లాడి చర్మంలా ఉంది. అడిగినదానికి తల ఊపడమే కానీ నోరు విప్పడు. పావుగంట గడిచింది. గడియారం మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళొచ్చాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వెళ్ళొచ్చాడు. ముసలాయన అతణ్ణి కనిపెట్టి చూస్తున్నాడు.

చివరికి గడియారం పుస్తకం మూసేశాడు.

"పెద్దాయనా, బిస్కెట్లు ఎన్నింటికి తినేవారు?"

ముసలాయన బల్ల మీది చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. తిన్నారా అని కాదు, ఎన్నింటికి అని అడిగేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఆదివారం. నాలుగింటికి. అమ్మాయి తలంటుకుని పడుకున్నాక."

ఆ తర్వాత తనంతట తనే చెప్పుకొచ్చాడు. ఏడాదిన్నర నోరు కట్టుకున్నాడట. కోడలు తినలేనిది ఇంట్లో తను తినడమేమిటని. కానీ చిన్నప్పటి నుంచీ టీలో ముంచుకుని తినే అలవాటు. ఓ రోజు ఆగలేక ఒక పొట్లాం కొన్నాడు. ఆదివారం ఆదివారం వెనకగోడ అవతలికి వెళ్ళి, రెండంటే రెండు తినేవాడు. నోరు పుక్కిలించి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని కానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. అయినా అమ్మాయికి మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఎక్కడ తప్పాడో ఆలోచించి ఆలోచించి నిద్ర పోయేవాడు కాదు. ఒక పొద్దున అద్దంలో చూసుకుంటుంటే తట్టింది.

"మీసం బాబూ. ఎంత కడిగినా మీసంలో ఏదో నలుసు ఉండిపోయేదేమో. వంట చేసేటప్పుడు గిన్నెలో రాలిందేమో. అందుకే తీసేశాను. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. తప్పు నాదే."

గడియారం నవ్వలేదు. క్యాలెండరు బల్ల మీద పరిచాడు.

అది మామగారి రాతే. ఎర్ర పెన్సిలుతో చుక్కలు. కోడలికి నొప్పి ఎక్కువైన రోజు పెద్ద చుక్క, తక్కువైతే చిన్న చుక్క, లేని రోజు ఖాళీ. చుక్కలు మార్చి రెండో వారంలో మొదలయ్యాయి. ప్రతి వారం ఒకటే వరస. మంగళ, బుధవారాలు చిన్న చుక్కలు. గురు, శుక్ర, శనివారాలు పెద్దవి. ఆదివారం చిన్నది. సోమవారం ఖాళీ. ఆగస్టులో, వరద పదకొండు రోజులు, మొదటి మూడూ చిన్న చుక్కలు, మిగతా ఎనిమిదీ తెల్లకాగితం. పందొమ్మిదో తారీకున మళ్ళీ పెద్ద చుక్క.

"వరదలో బిస్కెట్లు తిన్నారా?"

ముసలాయన తల దించుకున్నాడు. "మేడ మీద ఇరుక్కుపోయాం. ఊసుపోక రోజూ తిన్నాను. పిట్టగోడ దగ్గర."

"వంట?"

"నేనే. ఇంకెవరున్నారు?"

గడియారం ఆ ఎనిమిది ఖాళీ గళ్ళ మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు. ముసలాయన ఆ వేలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆదివారం నాలుగింటికి తిన్న బిస్కెట్టు పాపమైతే, సోమవారం ఖాళీ ఎందుకుంటుంది? రోజూ తిన్న పదకొండు రోజుల్లో పిల్ల ఎలా తేరుకుంటుంది? ఆరు నెలలు చుక్కలు పెట్టింది తనే. దుఃఖంలో ఒక్కరోజు కూడా వాటిని వరసగా చదువుకోలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు గడియారం ఇన్‌స్పెక్టరు బల్ల మీద అదే క్యాలెండరు పరిచాడు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. వరదలో భయపడి ఆపి ఉంటాడన్నాడు. వరదకు భయపడి విషం ఆపే మనిషిని నేను చూడలేదన్నాడు గడియారం. ఆ పదకొండు రోజులూ ఇల్లు తెరిచే ఉంది, వంటా సాగింది. మూతపడింది బైండింగు షాపు ఒక్కటే.

"షాపుకు ఇంటి నుంచే క్యారేజీ తీసుకెళ్తుందయ్యా ఆ పిల్ల."

"అందుకే వెళ్ళి చూద్దాం. నువ్వూ రా. నేనొక్కణ్ణే చూస్తే నువ్వు నమ్మవు."

వ్యానుకు మూడున్నర గంటలుంది. ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. నీ ఓటమి దగ్గరుండి చూడాలని వస్తున్నానన్నాడు.

రెండూ పదికి షాపులో ఉన్నారు. పొడుగాటి గది. ఒక మూల కాగితాలు మడతపెట్టే బల్ల, కిటికీ దగ్గర కుట్టే బల్ల, చివర్న అట్టలు అంటించే బల్ల. కోడలు మార్చి మొదటివారం దాకా మడత బల్ల దగ్గర ఉండేది. చేతివాటం బాగుందని మేస్త్రి ఆమెను కుట్టే బల్లకు మార్చాడు. పై మెట్టు. ఆమెకు అదొక గొప్ప. గడియారం ఆ తారీకు రాసుకుని కింద గీత గీశాడు.

క్యారేజీ పెట్టే అలమార చూశాడు. ఆమె అర విడిగా, తుడిచి ఉంది. భోజనానికి కూచునే చోటు చూశాడు. అందరూ ఒకచోట కూచుంటే ఆమె కిటికీ కింద ఒక్కతే కూచుంటుందట. మొదట్లో తోటివాళ్ళు నొచ్చుకున్నారట. ఒక్క ముక్క తింటే ఏమవుతుందని పుట్టినరోజు కేకులు ముందుపెట్టేవాళ్ళు. వద్దని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు ఎవరూ అడగరు. నీళ్ళ గ్లాసు కూడా ఆమెది వేరే. కుళాయి, సబ్బు, తువ్వాలు, అన్నీ సరిగానే ఉన్నాయి.

రెండూ ముప్పై అయిదు అయింది. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని, ఇక పోదామా అన్నట్టు దగ్గాడు. గడియారం కోడలి స్టూలు పక్కన ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. ఊరికే కూచున్నాడు. పక్క స్టూలు ఆవిడ తన పని తను చేసుకుంటోంది. దండెం మీద ఆరేసిన దారాల కట్టలోంచి ఒక పోగు లాగింది. కొస నోట్లో పెట్టి తడిపి, పెదాలతో నొక్కి సన్నం చేసి, సూదిలో ఎక్కించింది. కుట్టింది. ముడి వేసి దారం పళ్ళతో తెంపింది. మళ్ళీ ఇంకో పోగు.

గడియారం పుస్తకం తీశాడు. పది నిమిషాలు లెక్కపెట్టాడు. మూడు పోగులు. ఆరుసార్లు నోట్లోకి.

కత్తెర వాడరేం అని అడిగాడు. కత్తెర మొన తగిలితే కాగితం చిరుగుతుంది, బల్ల మీదికి రానివ్వనన్నాడు మేస్త్రి. గడియారం లేచి దండెం మీది దారం వేళ్ళ మధ్య రుద్దాడు. పుల్లలా బిరుసుగా ఉంది. గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలింది.

ఇదేమిటని అడిగాడు. మేస్త్రి కంగారుపడ్డాడు. పోలీసులను చూసి, తన షాపు మీదికి ఏం వస్తుందోనని ముందే సమాధానం సిద్ధం చేసుకున్నట్టున్నాడు. వట్టి దారమైతే కుట్టేటప్పుడు జారుతుంది, అందుకని బంకలో ముంచి ఆరేస్తామన్నాడు. తన మేస్త్రి నేర్పిన పద్ధతి. రోజూ పొద్దున ఎనిమిదింటికి బంక కాస్తారు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు.

మైలుతుత్తం మాట వినగానే ఇన్‌స్పెక్టరు చేతులు విప్పాడు. అసలు విషం ఇక్కడ దొరికిందనుకున్నాడు.

మేస్త్రి చేతులు రెండూ అడ్డంగా ఊపాడు. "దారం ముంచే గిన్నె ముందే వేరుగా తీసేస్తాం సార్. దాన్లో మైలుతుత్తం చుక్క వెయ్యం. ఆడపిల్లలు నోట్లో పెట్టుకునేది కదా, నాకు తెలీదా? అది వట్టి మైదా."

గదిలో సూదులు ఆగిపోయాయి. ఎవరూ ఆగమనలేదు.

గడియారం గోడవార నిలబెట్టిన బస్తా దగ్గరికి వెళ్ళి మూతి విప్పి చూశాడు. తెల్లగా, మెత్తగా, మైదా. గోధుమని పొట్టు తీసి మర పట్టిన పిండి. మేస్త్రి పాపం ఒట్టి మంచివాడు. ఆడపిల్లల నోట్లోకి విషం పోకూడదని పదేళ్ళుగా రెండు గిన్నెలు పెట్టాడు. ఈ లోకంలో ఒక పిల్లకి ఆ రెండో గిన్నే విషమని ఆయనకెవరు చెప్పారు?

ఇన్‌స్పెక్టరు అంత తేలిగ్గా వదల్లేదు. దారానికి అంటిన పిండి ఎంతుంటుంది, చీమకైనా చాలుతుందా అన్నాడు. గడియారం లెక్క చూపించాడు. పది నిమిషాలకు ఆరు. ఏడు గంటల పనికి రెండు వందల యాభై రెండు. వారానికి ఆరు రోజులు. ఆరు నెలలు. తర్వాత మేస్త్రి ఫోను మీంచి కోడలిని చూసే డాక్టరమ్మకు కలిపి, దారం సంగతీ క్యాలెండరు సంగతీ చెప్పి, రిసీవరు ఇన్‌స్పెక్టరు చెవి దగ్గర పెట్టాడు.

డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. ఇన్‌స్పెక్టరు "ఊఁ" కొడుతూ విన్నాడు. రొట్టె నలుసంత రోజూ పోయినా పేగు మానదు. ఇదొక్కటే కారణమని ఇవాళ ఒట్టు వెయ్యలేను, కానీ ఇంత స్పష్టమైన దారి కళ్ళముందుంటే ఇంకొకటి వెతకను. ఆ దారం మాన్పించండి, మూడు నెలలకు మళ్ళీ రక్తం చూద్దాం. దారమే కారణమని క్యాలెండరు మీకు ముందే చెప్పిందిగా. చివరికి ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎన్నింటికి తేలింది?" అన్నాడు.

"మూడూ పది."

"నువ్వు మాతోనే ఉండాల్సిందిరా, ఉద్యోగంలో," అని, ఆ మాట తను అననట్టే గుమ్మం దాటాడు.

స్టేషనుకు వచ్చేసరికి కోడలు, ఆమె అన్న, బెంచీ రెండు కొసల మీద కూచుని ఉన్నారు. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత జాగా. సంగతి విన్నాక ఆమె వేళ్ళు పెదాల మీదికి పోయాయి. రెండేళ్ళుగా ఉప్పు పొట్లాం దగ్గర నుంచీ అన్నిటి వెనకా చదివింది. దారానికి చదవడానికి ఏముంటుంది? కాసేపటికి భుజాలు దిగాయి. నవ్వింది. ఆ నవ్వుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

నాలుగూ ఇరవైకి మామగారిని బయటికి తెచ్చారు. ఆయన రాసిచ్చిన ఒప్పుకోలు కాగితాన్ని ఇన్‌స్పెక్టరు అందరి ముందూ నాలుగు మడతలు పెట్టి చించాడు. అన్న లేచి నిలబడ్డాడు. ఈ జబ్బు పేరు మొదటిసారి విన్నప్పుడు సుకుమారం అని నవ్వినవాడు అతనే. ఒకసారి బలవంతాన ముక్క తినిపించి, చెల్లెలు మూడు రోజులు మంచం దిగకపోతే భయపడ్డవాడూ అతనే. ఆ భయమే ఇంత పని చేయించింది.

"మామయ్యగారూ, నేను..." అన్నాడు.

ముసలాయన అతని భుజం తట్టాడు. "నీ చెల్లెలు కదయ్యా. నీ చోట నేనున్నా అంతే చేసేవాణ్ణి." తర్వాత కోడలి వైపు తిరిగి, అమ్మాయ్, బిస్కెట్ల సంగతి, అని నసిగాడు.

"నాకు తెలుసు మామయ్యగారూ. వాసన రాదా? గోడ అవతల తడిసిపోతారని మొన్న అక్కడొక రేకు కూడా వేయించాను. ఎందుకనుకున్నారు?"

స్టేషనంతా నవ్వింది. జవాను కూడా నవ్వాడు. ఐదింటి వ్యాను ఎవరూ లేకుండానే బయలుదేరింది.

జవాను అందరికీ టీ, పళ్ళెంలో బిస్కెట్లు తెచ్చాడు. మామగారు టీ ఒక్కటే తీసుకున్నాడు. గడియారం బిస్కెట్టు ముంచి నోట్లో వేసుకున్నాడు. పొద్దున నుంచీ ఏమీ తినలేదు. రెండోది తీసుకోబోతుంటే ముసలాయన దగ్గరికి జరిగాడు. ఆ కళ్ళు పొద్దున గదిలో చూసిన కళ్ళే. ఇప్పుడు భయం లేదు, అంతే తేడా.

"బాబూ, నేనొకటి అడగనా? పొద్దున మీరు నన్ను అడిగిన గంటలో రెండుసార్లు పెరట్లోకి వెళ్ళారు. డొక్కలో నాలుగుసార్లు నొక్కుకున్నారు. మీ బెల్టుకు మేకుతో కొత్త కన్నం పొడిచారు, పాత కన్నానికి రెండంగుళాలు లోపలికి. నోటి మూల పుండుంది. ఎన్నేళ్ళుగా?"

గడియారం చేతిలో బిస్కెట్టు టీలో మెత్తబడి విరిగి అడుగుకు పోయింది.

"పన్నెండు," అన్నాడు.

"డాక్టరుకు చూపించారా?"

"గ్యాస్ అన్నారు."

"మా అమ్మాయికీ రెండేళ్ళు గ్యాసే అన్నారు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఉంటుందో ఉండదో నాకేం తెలుసు. పరీక్ష చేయించండి. ఒక్క మాట. రక్తం ఇచ్చేదాకా బిస్కెట్టు మానకండి. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ కనపడదు. మేం ఆ పొరపాటే చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం."

ఈ వృత్తిలో పన్నెండేళ్ళు ఎందరి మొహాలో చదివాడు గడియారం. తన మొహం ఎవరైనా చదువుతారని ఎప్పుడూ అనుకోలేదు. భయం వేయాల్సింది. వేయలేదు. పన్నెండేళ్ళుగా నీదంతా ఊహేనని తను చెబుతూ వచ్చిన కడుపుకి ఒక సాక్షి దొరికినట్టయింది.

మర్నాడు పొద్దున ఏడూ అయిదుకు అతను టీ పెట్టుకుని, రోజూలాగే నాలుగు బిస్కెట్లు ముంచుకుని నిదానంగా తిన్నాడు. ఏడూ నలభైకి రక్తపరీక్షల గది ముందు వరసలో నిలబడ్డాడు. ముందు ముగ్గురున్నారు. తన వంతు వచ్చాక పుస్తకం తీసి టైము రాసుకుని, చొక్కా చేయి పైకి మడిచాడు.